మైపాడు సరుగుడు తోటలో స్పిట్‌ఫైర్లు: పొద్దునకు పదికి తొమ్మిది మార్కులు, మధ్యాహ్నానికి పదికి నాలుగు

సంక్రాంతి వెళ్ళాక మైపాడు దగ్గర సరుగుడు తోటలో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు యజమానులు రెండు రోజులు కలిశారు. మొదటి రోజు పొద్దున ఏడు నుంచి పదకొండున్నర దాకా జరిగింది చూస్తే, పాత కారు ఉన్నవాళ్ళెవరూ వదులుకోకూడదనిపిస్తుంది. ఆ తర్వాత జరిగింది చూస్తే, ఈ కారు బానెట్ ఎప్పుడూ ఎత్తి చూడనివాళ్ళు కూర్చుని రాసిన కార్యక్రమంలా ఉంది. రెండూ ఒకే నిర్వాహకులవంటే నమ్మబుద్ధి కాదు.

కారుకి మూడు వేలు. అందులోనే ఇద్దరికి రెండు రోజుల భోజనాలు, కాఫీ టిఫిన్లు. చూడటానికి వచ్చేవాళ్ళకి మనిషికి నూరు రూపాయలు. వచ్చినవి ఐదు స్పిట్‌ఫైర్లు, తొమ్మిది స్టాండర్డ్ హెరాల్డ్‌లు. "స్పోర్ట్స్ కార్ల పండగ అని చెప్పి ఈ ఇంటి కార్లేంది?" అని టిక్కెట్టు కొన్నవాళ్ళు కొందరు మూతి విరిచారు. నిజానికి ఈ రెండు రోజుల్లో నిర్వాహకులు చేసిన తెలివైన పని హెరాల్డ్‌లను పిలవడమే.

స్పిట్‌ఫైర్ 1962లో లండన్ మోటార్ షోలో బయటికొచ్చింది. దాని ఒళ్ళు గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి. అంతకు ముందు ట్రయంఫ్ వాళ్ళదే అయిన హెరాల్డ్ ఒళ్ళు గీసిందీ ఆయనే. హెరాల్డ్ చాసిస్‌ను పొట్టి చేసి స్పిట్‌ఫైర్ కింద పెట్టారు. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ ర్యాక్, వెనకాల అడ్డంగా పడుకుని రెండు చక్రాలనీ మోసే ఒకే ఒక్క కమాను కట్ట, అన్నీ ఆ ఇంటివే. ఇంజనూ ఆ వంశమే. హెరాల్డ్‌లో 948 సీసీ అయితే మొదటి స్పిట్‌ఫైర్‌లో 1147 సీసీ, 63 హార్స్‌పవర్. 1967లో వచ్చిన మార్క్ 3కి 1296 సీసీ, చివరి మోడల్‌కి 1493 సీసీ. 1980లో తయారీ ఆగేనాటికి మొత్తం మూడు లక్షలకు పైగా కార్లు ఫ్యాక్టరీ దాటాయి. కాబట్టి ప్రపంచంలో ఇదేమీ అరుదైన కారు కాదు, అరుదల్లా మన దేశంలోనే. హెరాల్డ్ అట్టా కాదు. 1961 నుంచి మద్రాసు శివారులోనే, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళ ఫ్యాక్టరీలో తయారైంది. నెల్లూరులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరం. అందుకే ఈ ప్రాంతంలో స్పిట్‌ఫైర్ కింద పడుకుని పనిచేయగల చేతులు ఎవరికైనా ఉన్నాయంటే, అవి హెరాల్డ్‌ల మీద ముదిరిన చేతులే.

ఆ చేతుల్లో రెండు జతలు పొద్దున్నే పనిలో దిగాయి. ఒకరు చెన్నై నుంచి వచ్చిన పెద్దాయన, ఇంకొకరు నెల్లూరు ఆటోనగర్ మెకానిక్. స్టేజీ లేదు, మైకు లేదు. ఐదు కార్లకూ ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టారు. కింద ఇసుక కాబట్టి ప్రతి స్టాండు కింద అడుగు చదరం, ముప్పాతిక అంగుళం మందం ప్లైవుడ్ ముక్క వేశారు. ఆ ముక్క లేకపోతే స్టాండు కాళ్ళు నాలుగూ ఒకేలా దిగవు, కారు ఒక పక్కకి ఒరుగుతుంది. సముద్రం ఒడ్డున ఇట్టాంటివి పెట్టేవాళ్ళు చాలామంది మరిచేది ఇదే. ఇక్కడ మరవలేదు.

మొదటి గంటన్నర అంతా ట్రనియన్ల మీదే నడిచింది, నడవాలి కూడా. ముందు చక్రాన్ని మోసే నిలువు లింకు కింది కొసకి మరలు ఉంటాయి. ఆ కొస ఇత్తడి రంగు దిమ్మెలోకి బోల్టులా బిగుస్తుంది. ఆ దిమ్మే ట్రనియన్. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ లింకు ఆ మరల్లోనే అటూ ఇటూ తిరుగుతుంది, అంటే కారు ముందు బరువంతా తిరిగే మర మీదే ఉంటుంది. ఆ మరలకు కావాల్సింది నూనె. గేరు బాక్సులకు వాడే ఈపీ 90 ఆయిల్. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ ఆయిల్ ఎక్కించడానికి పెట్టేది గ్రీజు నిప్పుల్ లాంటి నిప్పులే. చూసిన ప్రతి మెకానిక్కూ గన్ను తెచ్చి గ్రీజు కొట్టేస్తాడు. "నిప్పుల్ కనబడింది గదా అని గ్రీజు కొట్టబాకండి" అని ఆటోనగర్ మెకానిక్ ఆ పొద్దున కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు.

గ్రీజు కొడితే ఏమవుతుందో చూపించడానికి తీసేసిన పాత ట్రనియన్ ఒకదాన్ని హాక్సా బ్లేడుతో నిలువునా రెండుగా కోసి బల్ల మీద పెట్టారు. ఈ కలయికలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఆ రెండు ముక్కలే. అడుగున గ్రీజు ముదురు పాకం పట్టిన బెల్లంలా గట్టిపడి, గోటితో గీస్తే పెచ్చులుగా లేచింది. నూనె దారి పూర్తిగా మూసుకుపోయింది. పైన నాలుగు మరలు పొడి పొడిగా, ఎర్రటి తుప్పు పొడితో ఉన్నాయి. పై సీలు పాడై నీళ్ళు దిగితే, గ్రీజు ఆ నీటిని బయటికి పోనీయదు. మర లోయలో తుప్పు గుంట పడుతుంది, ఆ గుంటలో నుంచే పగులు మొదలవుతుంది. ఒకరోజు స్టీరింగ్ పూర్తిగా తిప్పి కారు వెనక్కి తీస్తుంటే లింకు పుటుక్కున విరిగి చక్రం లోపలికి మడిచిపోతుంది. పార్కింగ్‌లో విరిగితే అదృష్టం. ఇదే హైవే మీద జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఆయిల్ ఎక్కించే పద్ధతి చేసి చూపించారు. చక్రం గాల్లో వేలాడాలి, మరల మీద బరువు ఉండకూడదు. ఆయిల్ గన్ను పెట్టి కొడుతూ, ఇంకొకరు స్టీరింగ్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు నెమ్మదిగా తిప్పాలి. పై సీలు అంచున నూనె చెమ్మ కనబడితే ఆపాలి. కంపెనీ పుస్తకంలో ఇది ప్రతి 6,000 మైళ్ళకు అని ఉంటుంది. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగని కారుకి ఆ లెక్క పెట్టుకుంటే నాలుగేళ్ళయినా వంతు రాదు. వానల ముందొకసారి, వానలు వెళ్ళాక ఒకసారి అన్నారు పెద్దాయన. నెల్లూరుకి పెద్ద వానలు అక్టోబర్, నవంబర్లలో వస్తాయి కాబట్టి సెప్టెంబర్‌లో ఒకటి, డిసెంబర్ చివర ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది. గ్రీజు ఇప్పటికే కొట్టి ఉంటే పైనుంచి ఆయిల్ కొట్టి లాభం లేదు. విప్పి, కిరసనాయిల్లో కడిగి, మరల లోయల్ని టార్చి లైటు కింద చూడాలి. గుంట ఒక్కటి కనబడినా ఆ లింకు పాత ఇనుముకే. బిగించేటప్పుడు ఎడమ పక్క మర ఎడమ మర అని గుర్తుపెట్టుకోవాలి. అడుగు దాకా బిగించి, ఆ తర్వాత కొంచెం వెనక్కి విప్పి, స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిరుగుతోందో లేదో చూడాలి. అడుగు దాకా బిగించి వదిలేస్తే ఒక పక్కకి తిప్పినప్పుడు మర పట్టేసి, విరగాల్సింది ముందే విరుగుతుంది.

రెండో పాఠం థ్రస్ట్ వాషర్లు. క్రాంకు షాఫ్టు ముందుకీ వెనక్కీ జరక్కుండా వెనక మెయిన్ బేరింగు దగ్గర రెండు అర్ధచంద్రాకారపు పలకలు ఉంటాయి. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంకు ముందుకు నెట్టబడి ఒక పలక అరుగుతుంది. బాగా అరిగితే జారి ఇంజను అడుగున నూనె నిలిచే సంపులో పడుతుంది. ఆ తర్వాత క్రాంకు నేరుగా బ్లాకును కోస్తుంది, దాంతో ఇంజనే పోతుంది. పరీక్షకి ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు. ఇంజను ఆపి ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే ఇంకొకరు ముందు పుల్లీని చూడాలి. కంటికి కనబడేంత కదిలితే ఆ రోజు కారు నడపకూడదు. డయల్ గేజ్ పెట్టి కొలిస్తే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఐదు స్పిట్‌ఫైర్లలో ఒకదానికి పుల్లీ కదలిక మూడడుగుల దూరం నుంచే కనబడింది. ఆ కారుని అక్కడితో ఆపేసి, తిరుగు ప్రయాణానికి లారీ మాట్లాడించారు. పాత కార్ల జాతరల్లో "ఏం కాదులే సార్, నడపండి" అనేవాళ్ళే ఎక్కువ. ఇక్కడ అట్టా అనలేదు, అందుకే ఒక మార్కు ఎక్కువ.

వాషర్లు మార్చడానికి ఇంజను దింపనక్కర్లేదు. సంపు విప్పి, వెనక బేరింగు టోపీ తీస్తే, పాత పలకను వేలితో తోస్తే చుట్టూ తిరిగి బయటికొస్తుంది, కొత్తది అదే దారిన లోపలికి పోతుంది. నూనె పారే గాడులు ఉన్న ముఖం క్రాంకు వైపు ఉండాలి, బ్లాకు వైపు కాదు. తిరగేసి బిగించినవి కొన్ని వందల కిలోమీటర్లలోనే అయిపోతాయి. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకుని నిలబడే అలవాటు ఉన్నవాళ్ళు దాన్ని మానుకుంటే ఈ పలకలు ఇంకో పదేళ్ళు బతుకుతాయి.

కార్బొరేటర్ల పాఠం కొంచెం తొందరగా ముగించారు, ఇంకో అరగంట ఇవ్వాల్సింది. స్పిట్‌ఫైర్‌కి పెట్రోలూ గాలీ కలిపేవి జంట ఎస్‌యూ కార్బొరేటర్లు. పెట్రోలు వచ్చే జెట్‌ను పూర్తిగా పైకి తెచ్చి, అక్కడి నుంచి నట్టును రెండు చుట్లు కిందికి దింపితే ఇంజను స్టార్టు అయ్యే చోటికి వస్తుంది. ఇంజను వేడెక్కాక పక్కనున్న చిన్న పుల్లతో కార్బొరేటర్‌లోని పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే పైకెత్తాలి. ఇంజను వేగం పెరిగి అట్టాగే నిలబడితే పెట్రోలు ఎక్కువ. ఇంజను కునికి ఆగిపోతే తక్కువ. ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. రెండింటికీ గాలి సమానంగా పోతోందో లేదో చూడటానికి అడుగున్నర రబ్బరు గొట్టం చాలు. ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బొరేటర్ నోట్లో పెట్టి, బుస రెండు వైపులా ఒకేలా వినబడేదాకా స్క్రూ తిప్పాలి. పైన నల్ల మూత విప్పితే కనబడే గొట్టంలో ఇంజనాయిల్ ఉండాలి, ఖాళీగా ఉంటే యాక్సిలరేటర్ నొక్కగానే బండి దగ్గుతుంది. ఐదింటిలో మూడు ఖాళీగానే ఉన్నాయి.

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు గురించి మాత్రం బాగా చెప్పారు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగు మీదే నడిపితే మిశ్రమం పలచబడుతుంది. పలచబడితే ఇంజను మరింత వేడెక్కుతుంది. జెట్ నట్టు ఆరు పలకల్లో ఒకటి రెండు పలకలు కిందికి దింపి మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. ఇంకో పెద్ద తంటా రబ్బరు పైపులది. పాత హోసు లోపలి పొర ఇథనాల్‌కి ఉబ్బి నల్లటి రేకులుగా రాలుతుంది. ఆ రేకు ఒకటి కార్బొరేటర్ ఫ్లోటు గదిలో పెట్రోలుని ఆపే సూది కింద ఇరుక్కుంటే పెట్రోలు పొంగి ఎగ్జాస్టు మీద కారుతుంది. ఈ ఇంజనుకు కార్బొరేటర్లూ ఎగ్జాస్టూ ఒకే పక్క, ఒకదాని కింద ఒకటి. మంటలు రావడానికి ఇంకేం కావాలి? హోసు కొనేటప్పుడు దాని మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అనే అచ్చు ఉందో లేదో చూసి కొనాలి. ఉన్న హోసుని వేళ్ళతో మడిచి చూస్తే పైన సన్నటి పగుళ్ళు కనబడితే ఆ రోజే మార్చేయాలి. సీసం లేని పెట్రోలు సంగతి పాతదే, మన దేశంలో 2000 నుంచీ అదే. వాల్వులు కూర్చునే సీట్లు మార్చని పాత హెడ్ (ఇంజను పై దిమ్మె) అయితే వాల్వులు లోపలికి దిగబడతాయి. టాపెట్ సందు చల్లగా ఉన్నప్పుడు 0.25 మిల్లీమీటర్లు ఉండాలి. సెట్ చేసిన కొద్ది రోజులకే అది తగ్గిపోతూ ఉంటే సీట్లు పోతున్నాయని గుర్తు.

ఇంత నేర్పినవాళ్ళు పన్నెండు గంటలకు చేసిన పని చూడండి. ఊరేగింపు అన్నారు. మైపాడు నుంచి ఇందుకూరుపేట మీదుగా నెల్లూరు, అక్కడ గాంధీబొమ్మ, ట్రంకు రోడ్డు, వీఆర్సీ సెంటర్, మళ్ళీ వెనక్కి. ముందు డీజే వ్యాను. దాని వెనక మనిషి నడిచే వేగంలో స్పిట్‌ఫైర్లు, వాటి వెనక హెరాల్డ్‌లు. జనవరి అయినా నెల్లూరు మిట్టమధ్యాహ్నం ఎండ ఎండే. ఈ కారు ఫ్యాను ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదే. రోడ్డు మీద 60లో పోతుంటే గాలి తనంతట తానే వస్తుంది, నడకలో పోతుంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఊరేగింపులో ఉన్న నాలుగు స్పిట్‌ఫైర్లలో మూడు ట్రంకు రోడ్డులోనే ఆగిపోయాయి. రెండింటికి వేపర్ లాక్. ఇంజను పక్కన బిగించిన పెట్రోలు పంపూ, అక్కడి నుంచి ఇంజను ముందు నుంచి తిరిగి పోయే సన్నటి లోహపు గొట్టమూ వేడెక్కి, లోపల పెట్రోలు ఆవిరైపోయింది. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇంకా తొందరగా ఆవిరవుతుంది. పంపు ఆవిరిని తోయలేదు. తడిగుడ్డ కట్టి పావుగంట ఆగితే రెండూ స్టార్టు అయ్యాయి. మూడోది నిజంగానే మరిగింది. దానికి కారణం బానెట్ ఎత్తగానే కనబడింది. రేడియేటర్‌కి రెండు పక్కలా ఉండాల్సిన అట్టలు లేవు. చూడటానికి ఏదో పాత అట్టముక్కల్లా ఉంటాయి కాబట్టి రంగులు వేయించేటప్పుడు తీసి పారేస్తారు. అవి లేకపోతే ముందు నుంచి వచ్చిన గాలి రేడియేటర్‌లోకి పోకుండా పక్కల నుంచి జారిపోతుంది. మందపాటి అట్ట కోసి, నల్ల ఎనామిల్ రెండు పూతలు వేసి బిగించుకుంటే ఖర్చు రెండు మూడు వందలు దాటదు.

ఇంజను వేడి చూపించే ముల్లు పైకి పోతుంటే హీటర్ వాల్వు పూర్తిగా తెరవాలి. క్యాబిన్ లోపల కాళ్ళు ఉడుకుతాయి గానీ ఇంజను చల్లబడుతుంది, అది ఇంకో చిన్న రేడియేటర్ కింద లెక్క. టాపు లేని కారు కాబట్టి మనిషి తట్టుకోగలడు. ఈ సంగతి పొద్దున పాఠంలోనే చెప్పి ఉంటే బాగుండేది. ఇంతా చేసి, హెరాల్డ్‌లు ఒక్కటీ ఆగలేదు. చిన్న ఇంజను, ఒకే కార్బొరేటర్, బానెట్ కింద గాలి తిరగడానికి చోటు. మూతి విరిచినవాళ్ళకి అదే జవాబు.

ఆగిన కార్లలో ఒకదానికి బ్యాటరీ దిగిపోయింది, అక్కడ జరిగిన పొరపాటు ఇంకో మోస్తరుది. మార్క్ 1, మార్క్ 2 స్పిట్‌ఫైర్లకు బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి ఉంటుంది, కొత్త కార్లలోలా నెగటివ్ కాదు; దీన్నే పాజిటివ్ ఎర్త్ అంటారు. సాయానికి వచ్చిన కుర్రాడు కొత్త కారుని ముక్కుకి ముక్కు ఆనించి నిలబెట్టి, నల్ల వైరుని అలవాటుగా స్పిట్‌ఫైర్ బాడీకి తగిలించబోయాడు. హెరాల్డ్ యజమాని ఒకాయన చెయ్యి పట్టుకుని ఆపబట్టి సరిపోయింది. పద్ధతి ఇదీ: రెండు కార్ల ఒళ్ళూ ఎక్కడా తగలకూడదు, బంపర్లతో సహా. వైర్లు బ్యాటరీ కొసలకే, ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు. స్టార్టు కాగానే తీసేయాలి. ఒళ్ళు తగిలితే బ్యాటరీ నేరుగా షార్టవుతుంది. పాజిటివ్ ఎర్త్ కార్లకి బ్యాటరీ పక్కనే కొట్టొచ్చినట్టు ఒక చీటీ అంటించాలని నిర్వాహకులకు ఇప్పటికైనా తోచి ఉండాలి.

సాయంత్రం ఇంకో ఘనకార్యం. దుమ్ము పట్టిన కార్లను తోటలో బోరు నీళ్ళతో కడిగించారు. సముద్రానికి అంత దగ్గర బోరు నీళ్ళు నాలుక మీద పెడితేనే ఉప్పగా తెలుస్తాయి. స్పిట్‌ఫైర్‌కి తలుపుల కింద ఉండే సిల్లులు అందానికి పెట్టిన రేకులు కావు, బండి నడుముకి బలం వాటిదే. హెరాల్డ్‌లో అంత బరువు వాటి మీద పడదు గానీ స్పిట్‌ఫైర్‌లో పడుతుంది. వాటి లోపలికి ఉప్పునీళ్ళు పోసినట్టయింది. కడిగించుకున్నవాళ్ళు ఇంటికి చేరగానే చేయాల్సింది: సిల్లుల అడుగున, తలుపుల అడుగున ఉన్న నీటి కంతల్ని సన్నటి తీగతో పొడిచి తెరిచి, మంచినీళ్ళ పైపు పెట్టి పదినిమిషాలు కడిగి, ఎండలో తలుపులు తెరిచి ఆరబెట్టడం. ఈ కారు కొనాలనుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఇంకో మాట. తలుపు వెనక అంచు దగ్గర సందు పైన ఎంతో కింద అంతే ఉందో లేదో చూడండి. పైన ఇరుకై కింద వెడల్పయితే నడుము కుంగినట్టే. మెరిసే కొత్త పెయింటు ఆ సంగతి దాచలేదు.

భోజనాల విషయంలో వంక పెట్టడానికి లేదు. మొదటి రోజు మధ్యాహ్నం మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు, ముందు రాత్రే వండి ఉంచినట్టు పులుసు ముక్కకి పట్టింది. రెండో రోజు టిఫిన్‌కి కారం దోశ. శాకాహారులకు మాత్రం పప్పు, రసం, పెరుగుతో సరిపెట్టారు. మలై కాజా అడిగి వేయించుకోవాలి, అడగనివాళ్ళకి రాలేదు.

రెండో రోజు పొద్దున రిజిస్ట్రేషన్ సందేహాలకు వేసిన బల్ల చిన్నదే గానీ పనికొచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్న బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అక్షరాలు వస్తాయి. కొత్తగా అయితే ఫీజు 20,000 రూపాయలు, మళ్ళీ చేయించుకోవాలంటే 5,000. పదేళ్ళు చెల్లుతుంది. తీసుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు, ఇట్టాంటి వాటికే రోడ్డెక్కాలి. ఆదివారాలు భార్యాపిల్లల్ని ఎక్కించుకుని బీచికి పోదామనుకునేవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలని బల్ల దగ్గర కూర్చున్నాయన నిక్కచ్చిగానే చెప్పాడు. దరఖాస్తుకి ముందు ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఆర్సీ పుస్తకంలో ఉన్నవాటితో కలుస్తున్నాయా చూసుకోమన్నాడు. హెరాల్డ్ ఇంజను ఎక్కించిన స్పిట్‌ఫైర్‌లకు చిక్కు వచ్చేది అక్కడే.

ఆ రోజు పొద్దున ఆరున్నరకే బీచి రోడ్డు మీద కార్లను నడిపి చూసే అవకాశం ఇచ్చారు. ఊరేగింపు కూడా ఈ వేళప్పుడే పెట్టాల్సింది. స్టీరింగ్ ఎంత చురుగ్గా ఉంటుందంటే, 24 అడుగుల వెడల్పులో బండి గుండ్రంగా తిరిగొస్తుంది, చిన్న కార్లు కూడా సిగ్గుపడాలి. పాత మోడల్ నడిపేవాళ్ళకి జాగ్రత్త ఒకటి చెప్పారు: మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీయకూడదు. వెనక లేచి చక్రాలు కిందికి ముడుచుకుంటాయి, బండి తోక బయటికి విసురుతుంది. వేగం మలుపుకి ముందే తగ్గించుకోవాలి. మార్క్ 4లో కమాను కట్ట పై పలకల్ని ఊగేలా మార్చి ఈ జబ్బుని చాలావరకు కుదిర్చారు.

విడిభాగాల దుకాణం ఒక్కటే పెట్టారు, రెండు బల్లలు. సరుకు నాణ్యత మిశ్రమం. కొత్తగా తయారయ్యే రబ్బరు బుష్షులు నొక్కి చూస్తే మెత్తగా, మడిస్తే తెల్లగా మారేవి రెండేళ్ళు ఆగవు, గట్టి రకం అడిగి తీసుకోవాలి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ రోటార్‌కి మధ్యలో రివిట్ ఉన్నదాన్ని కొనొద్దు. ఆ రివిట్ గుండా కరెంటు కిందికి దూకి బండి దారిలో ఉన్నట్టుండి ఆగిపోతుంది, చల్లారితే మళ్ళీ నడుస్తుంది, ఎంత వెతికినా తప్పు దొరకదు. రివిట్ లేని రకం కూడా అదే బల్ల మీద ఉంది, పక్కపక్కనే పెట్టి అమ్మారు, తేడా మాత్రం అడిగినవాళ్ళకే చెప్పారు. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు కొన్నవాళ్ళు సందు 0.38 మిల్లీమీటర్లు పెట్టుకోవాలి, ప్లగ్గులకు 0.63.

కోసిన ముక్కలు చూశాక పాఠం విన్నవాళ్ళంతా నేరుగా ఈ దుకాణం మీద పడ్డారు. కొత్త ట్రనియన్ జతలు పదిన్నరకల్లా ఖాళీ. వాటి పక్కనే పెట్టిన ఆయిల్ గన్నులు ఎనిమిదిలో, రెండో రోజు సాయంత్రం బల్ల సర్దేటప్పటికి ఏడు అట్టాగే ఉన్నాయి.